పులివెందుల రాతినార: ఆ గట్టు మీద అది ఎలా పుట్టింది, ఎవరు వెతికారు, ఎందుకు ఆగిపోయింది

ప్రశ్న సారాంశం ఇది: "మాది పులివెందుల దాటాక లింగాల వైపు పల్లె. గట్టు వార ఉన్న మా చేనిలో పసుపు కలిసిన ఆకుపచ్చ రాయి దొరికింది. మధ్యలో తెల్లటి చార, గోటితో గీరితే పట్టు పోగుల్లా లేస్తోంది. ఇది రాతినారేనా? మాకు తెలిసిన ఇంకో గుట్ట కింద కూడా ఉంటుందేమో ఎలా తెలుస్తుంది? ఒకప్పుడు ఇక్కడ గనులు నడిచేవంటారు, ఎందుకు మూతపడ్డాయి? మా జేజి చిన్నప్పుడు నార పనికి పోయేదట."

ఫొటో, ఊరు రెండూ కలిపి చూస్తే అది రాతినారే, అంటే ఆస్బెస్టాస్, అందులో క్రైసోటైల్ రకం. ముందు ఆ గోటితో గీరడం ఆపండి. రాయిని తడిపి, మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టేయండి. ఎందుకన్నది తర్వాత చెబుతాను.

నేను ఖనిజాన్వేషణలో పనిచేసి రిటైరైన మనిషిని. పులివెందుల గట్లు కొంత తిరిగాను. ఆ ప్రాంతం గురించి ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే: నారను వెతక్కండి, రెండు రాళ్ళు కలిసే చోటును వెతకండి. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

రాతినార అన్నది ఒకే ఖనిజం పేరు కాదు. నారలా చీలే ఆరు ఖనిజాలకు వ్యాపారులు పెట్టిన ఉమ్మడి పేరు. అయిదు ఒక కుటుంబం, వాటిని ఆంఫిబోల్స్ అంటారు. రాజస్థాన్‌లో దొరికే ట్రెమొలైట్ ఆ కోవలోది, పెళుసుగా ఉంటుంది. ఆరోది క్రైసోటైల్, అది సర్పెంటైన్ కుటుంబం. మెత్తగా ఉంటుంది, దారంలా పురి పెట్టొచ్చు, గుడ్డ నేయొచ్చు. ఒక రాయి అంత మెత్తగా ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. క్రైసోటైల్‌లో రెండు పొరలు అతుక్కుని ఉంటాయి: ఒకటి సిలికా పొర, రెండోది మెగ్నీషియం పొర. మెగ్నీషియం పొర కొలత కొంచెం పెద్దది. ఒక పక్క తడిసి ఉబ్బిన అట్ట తనంతట తానే చుట్టుకుపోవడం చూసే ఉంటారు. ఇదీ అంతే. చాప చుట్టినట్టు చుట్టుకుని సన్నటి గొట్టం అవుతుంది. ఒక్కో గొట్టం మందం సుమారు 25 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో కొన్ని వేలలో ఒక వంతు. మీ గోటికి లేచిన ఒక్క పోగులో ఇలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి. ఇంకో విశేషం, బరువులో ఎనిమిదో వంతు దాకా నీరే ఉంటుంది. తడి రూపంలో కాదు, ఖనిజంలోనే కట్టుబడి ఉంటుంది.

ఇక ఊరి సంగతి. కడప బేసిన్ అంటే నెలవంక ఆకారంలో, 44 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తరించిన పాత సముద్రపు పళ్ళెం. దాని పడమటి అంచులో పొరలన్నీ తక్కువ వాలుతో ఈశాన్యానికి ఒరిగి ఉంటాయి. అన్నిటికంటే అడుగున గ్రానైట్. దాని మీద గుల్చేరు క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. పేరు వింతగా ఉంది కదా, అది మన గువ్వలచెరువే. పాలకోవాతో ఊరికి ఎంత పేరొచ్చిందో, భూవిజ్ఞానంలో ఆ రాయితో అంతే పేరొచ్చింది. గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర పాపఘ్ని చీల్చుకుని వచ్చే కొండలు ఈ వరుసవే. ఆ క్వార్ట్‌జైట్ మీద వేంపల్లె పొరలు ఉంటాయి: డోలమైట్, మధ్య మధ్య మట్టిపలక రాయి, చెకుముకి రాయి చారలు. డోలమైట్ చూడ్డానికి సున్నపురాయిలాగే ఉంటుంది గాని, సున్నంతోపాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. కొన్ని బండల మీద క్యాబేజీని అడ్డంగా కోసినట్టు గుండ్రటి గీతలు కనిపిస్తాయి. అవి ఆ కాలపు సూక్ష్మజీవులు సముద్రం అడుగున కట్టిన మెట్టలు. వాటిని ఎవరూ చెక్కలేదు. ఇంకో మాట, ఇళ్ళకు పరిచే నల్ల కడప బండలు ఇవి కావు. అవి చాలా తర్వాతి కాలపు నార్జి సున్నపురాయి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఈ డోలమైట్ పొరల మధ్యకు కరిగిన శిలాద్రవం చొరబడింది. పొరలను అడ్డంగా చీల్చకుండా, పుస్తకంలో కాగితాల మధ్య చాకు దూర్చినట్టు పొర వెంబడే పరుచుకుని గడ్డకట్టింది. దాన్ని సిల్ అంటారు, రాయి పేరు డోలరైట్. ఊళ్ళో నల్లరాయి అంటారు, ఎండకు వానకు పొట్టు రేగి గుండ్రాళ్ళలా ఊడిపడుతుంది. పులివెందుల దగ్గరే, వేంపల్లెకు పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడిన ఇలాంటి ఒక సిల్ వయసును యురేనియం–సీసం పద్ధతిలో కొలిచారు: 188.5 కోట్ల సంవత్సరాలు, తేడా 31 లక్షలు అటూ ఇటూ. ఈ ప్రాంతంలో ఆ శిలాద్రవాల కాలానికి దాన్నే కొలబద్దగా తీసుకుంటారు.

డోలమైట్ దగ్గర మెగ్నీషియం ఉంది. చెకుముకి చారల్లో సిలికా ఉంది. సిల్ వేడి తెచ్చింది, పొరల్లోని నీటిని కదిలించింది. మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి సర్పెంటైన్ అయింది. డోలమైట్‌లో మిగిలిన సున్నం కాల్సైట్‌గా పేరుకుంది. బొగ్గుపులుసు వాయువు పగుళ్ళ గుండా బయటికి పోయింది. అందుకే ఆ పట్టీలో ఆకుపచ్చ సర్పెంటైన్, తెల్ల కాల్సైట్ చారలు చారలుగా ఉంటాయి. వాయువు పోయినచోట రాతి ఘనపరిమాణం మారుతుంది, మీద నుంచి బరువు, పక్కన చల్లారి ముడుచుకుంటున్న సిల్. రాయి పొర వెంబడి సన్నగా విడిపోతుంది. ఆ సందులో క్రైసోటైల్ పోగులు ఒక గోడ నుంచి ఇంకో గోడకు నిటారుగా పెరుగుతాయి. బ్రష్షు కుచ్చులా అన్నమాట. దీన్నే అడ్డనార అంటాం. సందు ఎంత వెడల్పో నార అంత పొడవు. మీ ఫొటోలో ఆ చార వెడల్పు కొలవండి, అదే మీ నార పొడవు.

ఖాళీ సందులో నార పెరిగిందా, లేక సర్పెంటైన్ రాయినే కొరుక్కుంటూ నారగా మారిందా అన్నదాని మీద భూవిజ్ఞానుల్లో పాత తగాదా ఉంది. నా వరకు నేను సందు పక్షమే. పులివెందుల ముక్కల్లో చార రెండు గోడలూ విడదీసి మళ్ళీ కలిపితే అతికే చిత్రపటంలా సరిపోయేవి చాలా చూశాను. కొరుక్కుతిన్న గోడలు అలా సరిపోవు.

కెనడాలోని క్వెబెక్ గనుల ఫొటోలు చూసినవాళ్ళు పులివెందుల గనులను చూసి నిరాశపడతారు. అక్కడ కొండలకు కొండలే ఒలివిన్ రాయి, మెగ్నీషియం, సిలికా రెండూ తనలోనే ఉన్నది, లోతు నుంచి వచ్చినది. దానంతటదే నీళ్ళు తాగి సర్పెంటైన్‌గా మారి, నలుదిక్కులా నార చారలతో నిండిపోయింది. పెద్ద గుంత తీసి యంత్రాలతో ఎత్తడమే. పులివెందులది పూర్తిగా వేరే జాతి. సిల్‌ను ఆనుకుని ఉన్న సన్నటి పట్టీ ఒక్కటే. దానికి అసలు జోడీ అమెరికాలో ఉంది, అరిజోనాలో గ్లోబ్ పట్నం దగ్గరి సాల్ట్ నది లోయలో. అక్కడా డోలమైట్ జాతి రాయే, పేరు మెస్కల్ లైమ్‌స్టోన్. అక్కడా పొర వెంబడి చొరబడిన నల్లరాయి సిల్స్. వయసు మాత్రం సుమారు 110 కోట్ల సంవత్సరాలు, మన దానికంటే చాలా చిన్నది. రెండుచోట్లా నార ఒకే రకం. ఖండాలు వేరు, కాలాలు వేరు, వంట మాత్రం ఒకటే.

ఈ వంటకంలో ఇంకో లాభం ఉంది. ఒలివిన్ రాయిలో ఇనుము ఉంటుంది, సర్పెంటైన్‌గా మారేటప్పుడు ఆ ఇనుము బయటపడి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం రేణువులుగా నారలోకి చేరుతుంది. డోలమైట్‌లో ఇనుము బాగా తక్కువ. అందువల్ల అరిజోనా నార, పులివెందుల నార కరెంటు పనులకు, ఇన్సులేషన్ టేపులకు మంచివి. రంగు కూడా శుభ్రంగా ఉంటుంది. పరిమాణంలో చిన్నవైనా ఈ గనులకు పేరు వచ్చింది ఈ గుణం వల్లే.

ఇప్పుడు వెతికినవాళ్ళ సంగతి. కడప, కర్నూలు పొరలను మొదటిసారి క్రమంగా పటం వేసి, పేర్లు పెట్టి, వరుస కట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్. ఆయన పెద్ద నివేదిక 1872లో అచ్చయింది. గుల్చేరు, వేంపల్లె అనే పేర్లు శాస్త్రంలోకి వచ్చింది దానితోనే, వేంపల్లెను "వైంపల్లి" అని రాశాడు. పొరల మధ్య నల్లరాయి ఎలా పరుచుకుందో ఆయన పటాల్లోనే ఉంది. అంటే నార ఎక్కడుండాలో చెప్పే పటం, నార కోసం వెతుకులాట మొదలవక ముందే తయారై ఉంది. నా దృష్టిలో ఈ ప్రాంతపు అన్వేషణలో అసలు పని అదే.

ఇరవయ్యో శతాబ్దంలో గిరాకీ వచ్చాక జనం గట్లెక్కారు. అదే సర్వేకు చెందిన ఎ. ఎల్. కౌల్సన్ ఈ జాగాలన్నీ తిరిగి 1934లో ప్రత్యేక నివేదిక రాశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలోని దత్త మండలాల రాతినార అని దాని శీర్షిక. రాయలసీమ అనే పేరు 1928లోనే పుట్టినా, సర్కారు కాగితాల్లో మనం ఇంకా నిజాం అప్పగించిన దత్త మండలాలమే. దానికి ముందు సంవత్సరం అదే కౌల్సన్ ఇవే మండలాల ముగ్గురాయి మీద కూడా ఇలాంటి నివేదికే ఇచ్చాడు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా సీనియర్ ఒకాయన ఆ రెండూ చేతికిచ్చి, "ఇవి చదివాకే బండి ఎక్కు" అన్నాడు. విసుక్కున్నాను గాని, ఆయన అన్నది సరైన మాట. బ్రాహ్మణపల్లె నుంచి లోపట్నూతల దాకా, చిన్నకూడాల చుట్టుపక్కలా పాత తవ్వకాలన్నీ ఒక్క గీత మీద పడతాయి. ఆ గీత సిల్, డోలమైట్ కలిసే అంచు.

ఈ నార కోసం వెతకడం బంగారం కోసం వెతకడంలాంటిది కాదు. రాయి పొడి చేసి ల్యాబుకు పంపితే ఏమీ తెలియదు. మెగ్నీషియం, సిలికా అంకెలు వస్తాయి, నారకూ దాని పక్కనున్న మామూలు సర్పెంటైన్‌కూ రసాయనంలో దాదాపు తేడా ఉండదు. విలువంతా పోగు పొడవులో ఉంది. క్వెబెక్ పద్ధతిలో ముప్పావు అంగుళం, ఆపైన ఉంటే మొదటి రకం క్రూడ్, అంటే మిల్లు ఆడించని ముడి నార. అంగుళంలో మూడు ఎనిమిదో వంతుల నుంచి ముప్పావు దాకా రెండో రకం. ఆ కిందివన్నీ మిల్లు ఆడించిన నార, 3 నుంచి 7 దాకా తరగతులు. మూడో తరగతి దారానికి పనికొస్తుంది, ఆ తర్వాతివి రేకుల్లోకి, అన్నిటికంటే పొట్టిదైన ఏడో తరగతి పూతల్లోకి పోతుంది. డ్రిల్లింగ్ చేస్తే వచ్చే రాతి కడ్డీని పక్కన పెట్టుకుని, స్కేలుతో ఒక్కో చార వెడల్పు కొలిచి, కూడి, మొత్తం పొడవుతో భాగించడం మా పని. మెత్తటి నార డ్రిల్లు నీళ్ళలో కొట్టుకుపోతుంది, కడ్డీలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నారదా, పగులుదా? తేల్చడం కష్టం. అందుకే ఇలాంటి పట్టీల్లో డ్రిల్లింగును అంతగా నమ్మను. అంచు వెంబడి సొరంగం తోలి, కళ్ళారా చూడటమే నమ్మకం. తవ్వినవాళ్ళు కూడా అదే చేశారు: గట్టు వాలులో దూరి, పొర వాలుతోపాటే లోపలికి, వంగి నడిచేంత ఎత్తు.

ఇంకో ఇబ్బంది, అంచంతా నార ఉండదు. కొంత దూరం చార మీద చార, ఆ తర్వాత వట్టి ఆకుపచ్చ రాయి. సిల్ పొరను వదిలి పైకో కిందికో మెట్టు ఎక్కినచోట, డోలమైట్ కాస్త ముడత పడినచోట, పొర వెంబడి జారినచోట సందులు విచ్చుకుంటాయి, నార అక్కడ బాగుంటుంది. అరిజోనాలో చేసిన సర్వేలు కూడా సరిగ్గా ఇదే చెప్పాయి. కాబట్టి మీ రెండో గుట్ట విషయంలో చూడాల్సింది ఇది: పైన గుండ్రటి నల్లరాళ్ళు, వాలులో బూడిదరంగు డోలమైట్, రెంటి మధ్య పసుపు ఆకుపచ్చ పట్టీ. ఈ మూడూ ఉంటే నార ఉండే అవకాశం ఉంది. నల్లరాయి కింద మట్టిపలక రాయో క్వార్ట్‌జైటో ఉంటే వదిలేయండి, మెగ్నీషియం లేనిచోట ఎంత వేడి తగిలినా ఈ నార పుట్టదు. తెల్లటి నున్నటి మెత్తరాయి దొరికితే అది బలపం రాయి కావచ్చు. అదీ డోలమైట్ బిడ్డే, సిలికా పాలు కాస్త ఎక్కువైతే అటు తిరుగుతుంది. తుమ్మలపల్లె యురేనియం కూడా ఈ వేంపల్లె డోలమైట్‌లోనే ఉంది గాని దానికీ నారకూ చుట్టరికం లేదు. అది సముద్రం అడుగున పొర పేరుకున్నప్పటి సంగతి. రెంటినీ కలిపి పుకార్లు పుట్టించకండి.

విలువ ఉందా అంటే, లేదు. చట్టప్రకారం ఆ తలుపు ఎప్పుడో మూసుకుంది. రాతినారకు కొత్త మైనింగ్ లీజులు ఇవ్వడం కేంద్ర ప్రభుత్వం 1986లో ఆపేసింది. 1993 జూన్‌లో ఉన్న లీజుల రెన్యువల్ కూడా నిలిపేసింది. చిత్రమేమిటంటే వాడకం మాత్రం ఆగలేదు. మన ఇళ్ళ మీది సిమెంటు రేకుల్లో నార పాలు పదో వంతు లోపే, అదీ చాలావరకు విదేశాల నుంచి, ఇప్పుడు ముఖ్యంగా రష్యా, కజకిస్తాన్‌ల నుంచి వస్తోంది. ఒకప్పుడు మనకు అమ్మిన కెనడా 2018లో తన దేశంలో నిషేధించుకుంది. తవ్వితే ప్రమాదం, కొంటే ఫర్వాలేదు అనే ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన దగ్గర మూతకు చట్టం ఒక్కటే కారణం కూడా కాదు. సన్నటి పట్టీ, లోపలికి పోయేకొద్దీ పెరిగే ఖర్చు, ఎక్కడ తెగిపోతుందో తెలియని నార. ఓడలో వచ్చే మిల్లు నారతో ధరలో పోటీ పడటం ఇలాంటి గనుల వల్ల కాదు.

ప్రమాదం సంగతి. క్రైసోటైల్‌తో సహా అన్ని రకాల రాతినారనూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. తెల్ల నార, అంటే క్రైసోటైల్, మెత్తన కాబట్టి ఏమీ కాదని కొందరు వాదిస్తారు. ఊపిరితిత్తుల్లో అది ఆంఫిబోల్ నారంత కాలం నిలవదన్నది నిజమే, ఏమీ కాదన్నది మాత్రం నిజం కాదు. రాయిలో బిగుసుకుని ఉన్న నార ఎవరినీ ఏమీ చేయదు. గీరినా, దంచినా, దాన్ని ఎండిన దారి మీద పోసి బండ్లు తొక్కినా గాల్లోకి లేస్తుంది. కంటికి కనిపించే పోగు కంటే కనిపించనిదే ఊపిరితిత్తి లోతుకు పోతుంది. పాత గనుల ముందున్న చెత్తకుప్పల నుంచి కంకర తెచ్చి ఇంటి ముందు పోయించుకున్నవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. చేనిలో ఆ పట్టీ పైకి తేలి ఉంటే అక్కడ ఎండలో దున్నకండి, మట్టి కప్పి గడ్డి పెరగనివ్వండి. పిల్లలను పాత సొరంగాల్లోకి పోనివ్వకండి, నార సంగతి అటుంచి పైకప్పు కూలుతుంది. ముక్క ఏమిటో ఖాయంగా తేల్చుకోవాలంటే ఏదైనా యూనివర్సిటీ భూవిజ్ఞాన విభాగంలో మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు. కవరు విప్పకుండా తీసుకెళ్ళి, లోపల ఏముందో ముందే చెప్పండి.

మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని, నేను ఎక్కువ ఆగింది మీ జేజి దగ్గర. నార పని అంటే ఏ పని? గని లోపల మగవాళ్ళు తవ్వేవాళ్ళు. రాయిని సుత్తితో కొట్టి నార వేరుచేయడం, చెరగడం, మిల్లు దగ్గర సంచులకెత్తడం ఆడవాళ్ళ చేతి మీద నడిచేది. గని లోపల కొంత తేమ ఉంటుంది. ఎండిన నారను దంచి చెరిగే షెడ్డులో దుమ్ము దానికంటే ఎక్కువ. నార దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ గాని, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ గాని పని మానేసిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు కూడా బయటపడతాయి. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతదాకా ఉంచాలని ఆదేశించింది ఇందుకే. చిన్న షెడ్డుల్లో కూలికి పోయినవాళ్ళకు ఆ రికార్డు ఎవరు రాసి ఉంటారు?

ఆమె ఇప్పుడు ఉంటే, ఆయాసం, పొడి దగ్గు ఉన్నా లేకపోయినా, ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఒక ఎక్స్‌రే తీయించండి. ఆ వయసులో ఆయాసం అంటే డాక్టర్లు ముందు ఆస్తమా అనో, టీబీ మచ్చ అనో అనుకుంటారు. ఆమె తనంతట తాను నార పని సంగతి చెప్పదు, అడిగితే "కూలికి పోతి" అని ఊరుకుంటుంది. ఏ ఊళ్ళో, ఎన్నేళ్ళు, తవ్వకమా దంచడమా, ముఖానికి గుడ్డ కట్టుకునేవాళ్ళా లేదా అన్నవి ఇంట్లోనే నెమ్మదిగా అడిగి ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం డాక్టరు చేతికి ఇవ్వండి.